ఇరవై నాలుగు మాటలు

ఆ మిషను మాట్లాడదని తెలిసినప్పుడు తమ్ముడి మొహం చూస్తే ఎవరికైనా ఏడుపొచ్చేది. అక్కకు మాత్రం కోపం వచ్చింది. ఆమెకు ముందెప్పుడూ కోపమే వస్తుంది. ఏడుపు నాలుగు రోజులాగి, ఎవరూ చూడకుండా గిన్నెలు తోముతున్నప్పుడు వస్తుంది.

"నీ ఫోను మాట్లాడుతుంది, చేతి గడియారం మాట్లాడుతుంది, ఆఖరికి బ్యాంకులో లిఫ్టు కూడా తలుపు మూస్తున్నానహో అని చెబుతుంది. ఇంత పోసి కొన్న దీనికి నోరు లేదేంట్రా?"

తమ్ముడు అగ్గిపెట్టెంత ఉన్న ఆ వస్తువును తిప్పి తిప్పి తడిమాడు. రెండు బొత్తాలు, బొటనవేలంత అద్దం, కింద వైరు గుచ్చే కన్నం. అంతే. పుట్టుకతోనే చూపులేనివాడికి ఆ అద్దంలో ఏం కనబడితే ఏం లాభం?

"చేసినవాడు గుడ్డివాళ్ళ దగ్గర డబ్బుండదనుకున్నాడేమోనక్కా," అని నవ్వాడు.

అది ఆదివారం పొద్దున. వంటింటి బల్ల మీది సామానంతా తీసేసి, తడిగుడ్డతో తుడిచి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. బావను కుక్కరు పిడి బాగు చేయించుకు రమ్మని పంపించేశారు. పిడి బాగానే ఉంది. కానీ బావ చెవిన పడిన మాట వీధి చివరి దాకా వెళ్ళిగాని ఆగదు. ఆ సంగతి బావే గొప్పగా చెప్పుకుంటాడు.

"అసలిదెందుకురా? ఆ క్రిప్టో డబ్బేదో ఫోన్లోనే ఉందిగా?" అంది అక్క.

"ఫోన్లో ఉంటే కంపెనీవాడి చేతిలో ఉన్నట్టే. పోయిన నెల మా పాత సూపర్‌వైజరు చూడు, వాడి యాపు తెరుచుకోవడమే మానేసింది. ఫోన్ చేస్తే పాట వినిపిస్తున్నారట. అందుకే ఇంటర్నెట్టుకి అందకుండా మన దగ్గరే పెట్టుకోవాలి. ఇది తాళం కప్పలాంటిది. ఇప్పుడిందులో ఇరవై నాలుగు ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే వస్తాయి. అసలు తాళంచెవి ఆ మాటలే. ఈ మిషను పగిలినా పర్లేదు, ఆ మాటలుంటే ఇంకోదాంట్లో తెరవొచ్చు. మాటలు పోతే మాత్రం దేవుడు దిగొచ్చినా తెరవలేడు."

"మరి నీ ఫోను ఫోటో తీసి చదివి వినిపిస్తుంది కదా."

"అదే చెయ్యకూడదు. ఫోటో తీస్తే మళ్ళీ ఇంటర్నెట్టులో పడ్డట్టే. ఇంకో మనిషి కళ్ళకి కూడా చూపించకూడదని రాశారు." తమ్ముడు మిషనును బల్ల మీద అక్కవైపు జరిపాడు. "నాకు ఇంకో మనిషి కళ్ళు లేకుండా ఎలా కుదురుతుంది? అందుకే నిన్ను పిలిచాను. చదివి మర్చిపో."

ఆ మాట అక్కకు గుండెల్లో ఎక్కడో తగిలింది. పంతొమ్మిదేళ్ళు ఆస్పత్రి టెలిఫోను గదిలో కూర్చుని 'హలో' అన్న మనిషి తమ్ముడు. వీధిలో పిల్లలు కూడా హలో అనే పిలుస్తారు. ఆ హలో ఇప్పుడు మిషను అంటోంది, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ. గదికి తాళం వేసి, చేతిలో ఇంత పెట్టి పంపేశారు. ఆ డబ్బే తమ్ముడు క్రిప్టోలో పెట్టాడు. మనిషి నోరు తీసి మిషనుకు పెట్టినవాళ్ళు, ఈ మిషనుకు ఒక గొంతు పెట్టలేకపోయారా అని ఆమె తిట్టుకుంది. తిట్లు తిట్టడంలో ఆమెకు పొదుపు లేదు.

"చదువుతాలే. నా ఇంగ్లీషు సంగతి నీకు తెలుసుగా."

"తెలుసు కాబట్టే మాటలు చెప్పొద్దు, అక్షరాలు చెప్పు. జెరాక్సు షాపులో పదహారేళ్ళున్నావు, ఒక్క కాగితం చదివావా?"

"చదవడానికా నాకు జీతమిచ్చేది? కాపీ తియ్యడానికి."

తమ్ముడు దళసరి కాగితాన్ని బ్రెయిలీ పలకలో బిగించాడు. చెక్క పిడి ఉన్న పొట్టి సూది చేతిలోకి తీసుకున్నాడు. అక్క ఒక్కో అక్షరం చెబుతుంటే అతను కుడి నుంచి ఎడమకు పొడుచుకుంటూ పోయాడు. ఇదంతా కాగితం వెనకవైపు పని. తిప్పి చూస్తే చుక్కలు పైకి లేచి, ఎడమ నుంచి కుడికి చదువుకునేలా ఉంటాయి. అందుకే ప్రతి అక్షరాన్నీ కుడిఎడమలు తారుమారు చేసి, అద్దంలోలా పొడవాలి. ఆ పని మీద పడితే అతనికి ఇంకేదీ తలకెక్కదు. అక్షరం చేతిలోకి దిగిపోతుంది తప్ప మాటగా మనసులో నిలవదు. అక్కకు చెమటలు పట్టాయి. ఎక్కడ అక్షరం తప్పుతుందోనని వేలు అద్దం మీద పెట్టుకుని, స్కూలు పిల్లలా గట్టిగా చెప్పింది. గంటన్నర పట్టింది.

మిషను వదలలేదు. పదిహేడో మాట ఏది, తొమ్మిదోది ఏది అని తిరిగి పరీక్ష పెట్టింది. తమ్ముడు కాగితం తిప్పి, చూపుడువేలితో వరసలు లెక్కపెట్టుకుంటూ దిగి, అక్షరాలు చెప్పాడు. అక్క బొత్తాలు నొక్కింది. అన్నీ సరిపోయాయి. తమ్ముడు కాగితాన్ని ఒకసారి పైనుంచి కిందదాకా అరచేత్తో నిమిరాడు.

"ఇంకో కాపీ కూడా పొడిచి పెట్టుకోరాదూ?"

"రెండుంటే రెండు చోట్ల భయం. ఒకటి చాలు."

చివరికి పిన్ను నంబరు పెట్టాలి. అక్కడ మళ్ళీ అక్క నోరు తెరిచింది. అంకెలు ప్రతిసారీ ఒకే అంకె దగ్గర మొదలుకావట. పక్కవాడు నొక్కుళ్ళు లెక్కపెట్టుకోకుండా, ఒకసారి మూడు నుంచి, ఒకసారి ఎనిమిది నుంచి మొదలవుతాయట.

"అంటే దీన్ని తెరవాలనుకున్నప్పుడల్లా నేను రావాలన్నమాట," అంది.

"నెలాఖరుకి ఒక్కసారి చాలక్కా," అన్నాడు తమ్ముడు. "గదికి అడ్వాన్సు ఇవ్వాల్సినంత తీస్తాం. తర్వాత ఏళ్ళ తరబడి దీన్ని కదిలించక్కర్లేదు."

గది అంటే అక్కకు తెలుసు. అంధుల పాఠశాల పక్కనే, కింది అంతస్తులో ఉన్న గది. రోడ్డు దాటక్కర్లేదు, మెట్లు రెండే. పాఠశాలలో చదువు చెప్పే టీచరుకూ చూపు లేదు. ఆమెకు వేరే ఊరికి బదిలీ వేశారు. ఇక్కడే ఇల్లు, పెళ్ళి కుదిరాయని నెలాఖరులోగా రాసిస్తే బదిలీ ఆపుతామన్నారు. నలభై ఒకటో ఏట తమ్ముడు పెళ్ళి మాట ఎత్తడం అదే మొదటిసారి. ఆ టీచరు ఇంటికొచ్చిన రోజు అక్కను 'వదినగారూ' అని పిలిచింది. ఆ పిలుపు విని అక్క వంటింట్లోకి పోయి ఊరికే కుళాయి తిప్పి నిలబడింది.

బావ కుక్కరుతో తిరిగొచ్చాడు. "పిడి బాగానే ఉందని నన్ను తిట్టాడే వాడు," అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు.

చుక్కల కాగితాన్ని ఒక కవరులో వేసి, అక్క బీరువాలో తన బట్టల మడతల మధ్య పెట్టింది. తమ్ముడి గదికి గొళ్ళెం సరిగా పడదు, పైగా అతనికి అక్క బీరువా అంటే బ్యాంకు లాకరుతో సమానం.

బుధవారం పొద్దున ఆమె బీరువా తెరిస్తే ముక్కిపోయిన వాసన కొట్టింది. పై వాటావాళ్ళ స్నానాల గది గొట్టం మళ్ళీ కారుతోంది. గోడ చెమర్చి, బీరువా వెనక రేకు తడిసి, అడుగున దాచుకున్న రేషను కాగితాలు అంటుకుపోయాయి. కవరు లాగి చూస్తే ఒక మూల మెత్తబడింది, లోపలి కాగితం మాత్రం ఇంకా పొడిగానే ఉంది. పై వాటావాళ్ళను ఏడు తరాల దాకా తిట్టి, కవరును ఫ్యాను కింద పెట్టి, ఆరాక సంచిలో వేసుకుని షాపుకు బయల్దేరింది.

ఆ వీధిలో ఆమెను లామినేషను అక్క అంటారు. పుట్టిన సర్టిఫికెట్లు, పోయిన సర్టిఫికెట్లు, పట్టాలు, పదేళ్ళుగా జేబుల్లో నలిగిన గుర్తింపు కార్డులు, ఏవి తెచ్చినా ఆమె చేతి మీదుగా వెళితే ఇక వానకూ చెమటకూ భయపడక్కర్లేదు. జనం ఆమె దగ్గరికి చిరిగిన కాగితం పట్టుకొచ్చి, ప్రాణం లేచొచ్చిన మొహంతో తిరిగి వెళతారు. భద్రంగా ఉండాల్సిన కాగితం కనబడితే ఆమె చెయ్యి మిషను వైపే పోతుంది. అది ఆమె వృత్తి. పుట్టుకతో వచ్చిన బుద్ధి కూడా.

మధ్యాహ్నం ఓనరు భోజనానికి లేచేదాకా ఆగింది. మిషను స్విచ్చి వేసి, ఎర్రదీపం పచ్చదీపమయ్యేదాకా నిలబడింది. మూసి ఉన్న అంచు ముందుకు వచ్చేలా ప్లాస్టిక్ కవరు పరిచి, కాగితాన్ని నాలుగు పక్కలా సమంగా దూరం వచ్చేట్టు లోపల పెట్టింది. అప్పుడే ఓనరు కళ్ళజోడు మర్చిపోయానంటూ వెనక్కొచ్చాడు.

"అదేంటమ్మా, తెల్ల కాగితానికి లామినేషనా?"

"మావాడిది. మీకు కనబడదులెండి."

ఆయనకు అర్థమై నవ్వుకుంటూ పోయాడు. అక్కకు కూడా నవ్వొచ్చింది, కాస్త గర్వం కూడా కలిగింది. ఇంత రహస్యం నడిబజారులో బల్ల మీద పెట్టినా ఒక్కడు చదవలేడు. తమ్ముడి తెలివే తెలివి అనుకుంది.

కాగితం వేడి రోలర్ల మధ్యకు మెల్లగా వెళ్ళి అవతలికి వచ్చింది. అక్క దాన్ని వెలుతురుకు పట్టి చూసి పళ్ళు కొరికింది. చుక్కచుక్కకూ చుట్టూ చిన్న గాలి బుడగ. కాగితమంతా పొక్కులొచ్చినట్టుంది. పదహారేళ్ళలో ఇలాంటి పని ఆమె చేతి నుంచి బయటికి పోలేదు. బుడగ ఉన్నచోట ఇవాళ కాకపోతే రేపు గాలి చేరుతుంది, తడి చేరుతుంది. దళసరి అట్టలకు పెట్టే వేడి పెట్టి, వేగం తగ్గించి, రెండోసారి వేసింది. వేడిగా ఉండగానే కాగితాలు కోసే ఇనప దిమ్మ కింద పెట్టి, మీద చెయ్యానించి నిలబడింది. తీసి చూస్తే అద్దంలా వచ్చింది. ఎక్కడా ఒక్క బుడగ లేదు. వేలితో ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసి చూసింది, ఎక్కడా తగల్లేదు. మంచి లామినేషనుకు గుర్తు అదే.

నాలుగు మూలలూ తమ్ముడి వేళ్ళకు గుచ్చుకోకుండా గుండ్రంగా కత్తిరించింది. వాడికిప్పుడే చెప్పకూడదు, నెలాఖరున తీసి చేతిలో పెట్టాలి అనుకుంది. సాయంత్రం దాకా ఊరికే నవ్వుతూ ఉంటే, జెరాక్సుకొచ్చినవాళ్ళు 'ఏంటక్కా విశేషం' అని అడిగారు.

నెలాఖరుకు ఇంకా అయిదు రోజులున్నాయనగా, శనివారం మధ్యాహ్నం ఆమె షాపు నుంచి వచ్చేసరికి తమ్ముడు వంటింటి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆ మిషను.

"అక్కా, దీంట్లో ఏం కనబడుతోందో చూడు."

ఆమె చెప్పులు కూడా విడవకుండా వంగి చూసింది. "మొదటిరోజు వచ్చిందే వచ్చింది. కొత్తగా మొదలుపెట్టమంటోంది."

"అనుకున్నాను," అన్నాడు తమ్ముడు. "మూడుసార్లు తప్పు నొక్కితే అన్నీ చెరిపేసుకుంటుందట. మూడుసార్లూ తప్పాను."

"నువ్వెందుకు నొక్కావురా? నేనొస్తాను కదా!"

"పొద్దుట్నుంచి నిలబడి నిలబడి వస్తావు. గది ఓనరు ఇవాళే అడ్వాన్సిస్తే మంచిదన్నాడు. ప్రతిదానికీ నిన్నే పిలవాలా, నా డబ్బు నేను ఒక్కసారి తీసుకోలేనా అనిపించింది." అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఒక అంకె దగ్గర మొదలైందనుకుని లెక్కపెట్టాను. ఏదో ఒకసారి తగలదా అనుకున్నాను. బుద్ధి గడ్డి తింది. అయినా కంగారేం లేదు. కాగితముందిగా. ఆ ఇరవై నాలుగూ మళ్ళీ ఎక్కిస్తే ఎక్కడిది అక్కడే ఉంటుంది. తే."

అక్కకు కంగారు స్థానంలో సంబరం వచ్చింది. చూశావా, సరైన సమయానికే చేశాను అనుకుంటూ బీరువా తెరిచి, అట్టను తువాలుతో తుడిచి తెచ్చి, అతని రెండు చేతుల్లో పెట్టింది.

"చెప్పుకో చూద్దాం!"

తమ్ముడు మొదట అంచులు పట్టుకున్నాడు. గుండ్రటి మూలలు తడిమాడు. చూపుడువేలు ఎడమవైపు పై మూలకు వెళ్ళింది. అక్కడి నుంచి కుడికి జరిగింది. ఆగింది. మళ్ళీ మూలకు వచ్చింది. వేలిని చొక్కాకు తుడుచుకుని, మరింత మెల్లగా జరిపాడు. అట్టను రెండోవైపుకు తిప్పాడు. అక్క ఆ వేళ్ళనే చూస్తూ నిలబడింది. బ్రెయిలీ చదివేటప్పుడు తమ్ముడి వేళ్ళు చూడటం ఆమెకు చిన్నప్పటి నుంచీ ఇష్టం.

"ఇదేంటక్కా?" అన్నాడు.

"లామినేషను! బీరువాలో నీళ్ళు దిగాయిరా, చెబితే కంగారుపడతావని చెప్పలేదు. ఇంక దీన్ని బకెట్లో ముంచినా ఏం కాదు. మొదటిసారి చుక్కల చుట్టూ బుడగలొచ్చాయి. నాకు నచ్చలా. వేడి పెంచి మళ్ళీ వేశాను. ఇనప దిమ్మ కింద కూడా పెట్టాను."

"రెండుసార్లా?"

"రెండుసార్లు. నా చేత్తో అంత నున్నగా ఇంకేదీ రాలేదు, ఒట్టు."

తమ్ముడు తల వంచుకుని ఉన్నాడు. వేలు మూడో వరుస ఉండాల్సిన చోట ఆగి ఉంది.

"అవునక్కా," అన్నాడు. "చాలా నున్నగా ఉంది."

"చదవొస్తోంది కదా?" ఆమెకు ఆ అనుమానం అప్పుడే, మొదటిసారి వచ్చింది.

"ఆ. వస్తోంది. ప్లాస్టిక్ కదా, కాస్త నిదానంగా వస్తోంది."

"పద మరి, కూర్చుందాం. నేను బొత్తాలు నొక్కుతా."

"వద్దులే, నువ్వు అలిసిపోయావు. మా సూపర్‌వైజరు ఇంటికెళ్ళి చేసుకుంటాను. ఆయనకిదంతా అలవాటే." లేచి అట్టను చంకలో పెట్టుకుని, మిషను జేబులో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, ఆమె ఉన్నవైపు తిరిగి, "మంచి పని చేశావక్కా," అన్నాడు.

చీకటి పడకముందే తిరిగొచ్చాడు. అంతా వచ్చేసిందా అంటే వచ్చేసిందన్నాడు. అట్ట తెచ్చి అక్కకిచ్చి, మళ్ళీ బీరువాలో పెట్టమన్నాడు. తనను కాదని ఇంకొకరి కళ్ళు వాడుకున్నాడని అక్కకు చిన్న నొప్పి కలిగింది. ఎవరి దగ్గర సుఖమైతే వాళ్ళ దగ్గరికే పోతాడులే అని సర్దుకుంది.

నెలాఖరు వచ్చింది, పోయింది. గది మాట లేదు. శనివారాలు తెల్లచొక్కా వేసుకుని పాఠశాలకు వెళ్ళే మనిషి ఇంట్లో మంచం మీద రేడియో పెట్టుకుని పడుకుంటున్నాడు. సోమవారం నుంచి బస్టాండులో మైకు ముందు కూర్చునే పని ఒకటి వెతుక్కున్నాడు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో రోజంతా చెప్పే పని. జీతం ఆస్పత్రిలో సగం కూడా కాదు, పైగా దినవారీ.

"డబ్బు పెట్టుకుని ఈ పనేంట్రా నీకు?"

"ఖాళీగా ఉంటే నోరు తుప్పు పడుతోందక్కా."

"మరి గదో?"

"టీచరే కాస్త ఆలోచించుకుంటానంది."

అక్కకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని మాటలు చెప్పి, వదినా వదినా అని చంకనెక్కి, ఇప్పుడు ఆలోచించుకుంటుందా? గురువారం ఓనరును గంట సెలవు అడిగి తిన్నగా పాఠశాలకు వెళ్ళింది. దారి పొడుగునా ఏమేం దులిపెయ్యాలో కూర్చుకుంటూనే నడిచింది.

టీచరు ఖాళీ తరగతి గదిలో బెంచీ మీద కూర్చుని, బ్రెయిలీ పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతోంది. పడుకోబెట్టకుండా అన్నీ నిలువుగా, ఒకదాన్నొకటి నొక్కకుండా పెడుతోంది.

"ఎవరూ?" అంది. అక్క గొంతు విని లేచి నిలబడింది. "మీరా అండీ. కూర్చోండి."

వదినగారూ పోయి 'అండీ' మిగిలింది. అక్క నిలబడే అడిగేసింది.

"నేను ముక్కుసూటి మనిషిని, నాకు నాన్చడం రాదు. మావాడిలో ఏం లోపం కనబడిందమ్మా నీకు, ఆలోచించుకోడానికి?"

"నేనా ఆలోచించుకునేది?" అంది టీచరు. "పోయిన నెల ఆఖరి శనివారం ఆయనే ఫోన్ చేశారు. నా కోసం ఎదురుచూడొద్దు, బదిలీకి ఒప్పుకో, నాకీ పెళ్ళి వద్దనిపిస్తోందన్నారు. మూడు ముక్కలే. ఎందుకని అడిగితే, టెలిఫోను ఆపరేటరు కదా, ఎంత మర్యాదగా పెట్టేశారో! నిన్న పొద్దున బదిలీకి సంతకం పెట్టి ఇచ్చేశాను. ఆదివారం బయల్దేరతాను."

అక్క ఒక అడుగు ముందుకేసింది. "అదేంటమ్మా? డబ్బుంది. భద్రంగా ఉంది. నా బీరువాలోనే ఉంది ఆ కాగితం. తడవకుండా నేనే స్వయంగా లామినేషను చేసి పెట్టాను."

పుస్తకం పట్టుకున్న టీచరు చేతులు ఆగిపోయాయి.

"ఏం చేశారు?"

"లామినేషను."

"వేడి మిషనుతోనా? బ్రెయిలీ కాగితాన్నా?"

"ఆ. రెండుసార్లు..." అక్క మాట మధ్యలోనే సన్నబడింది. టీచరు మొహంలోకి చూస్తోంది. అవతలి కళ్ళు తనను చూడకపోయినా ఆ మొహం తనను చూస్తూనే ఉన్నట్టుంది. "బుడగల్లేకుండా... నున్నగా వచ్చింది."

టీచరు పెట్టెలోంచి ఒక పాత కాగితం తీసింది. తడుముతూ అక్క చెయ్యి పట్టుకుని, చూపుడువేలిని ఒక వరుస మీద ఆనించింది. గరుగ్గా చుక్కలు తగిలాయి. తర్వాత ఆ వరుస మీద తన బొటనవేలి గోరు అడ్డంగా పెట్టి, బలంగా ఒత్తుతూ ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగింది. మళ్ళీ అక్క వేలిని అక్కడే పెట్టింది.

ఏమీ లేదు. కాగితం.

అక్క ఆ వేలిని వెనక్కు తీసుకోలేదు. అక్కడే, ఆ ఒత్తిన వరుస మీద అటూ ఇటూ జరిపింది. ఏదైనా తగలకపోతుందా అన్నట్టు పదిసార్లు జరిపింది. తమ్ముడి వేలు ఆ రోజు ఎందుకు మూలకు మళ్ళీ వచ్చిందో, ఎందుకు చొక్కాకు తుడుచుకున్నాడో, ఒక్కొక్కటే కళ్ళ ముందుకు వచ్చాయి. చిన్నపిల్లల బెంచీ మీద కూలబడింది.

"చదవొస్తోందన్నాడు," అంది. "మంచి పని చేశావక్కా అన్నాడు. నా చేతులు విరగ్గొట్టినా పాపం లేదు. అంతా నేనే, ఈ చేతుల్తోనే..."

టీచరు ఆమె పక్కన కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ ఏడ్చారు. పక్క గదిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

"సంతకం వెనక్కి తీసుకోరాదామ్మా?" అంది అక్క చివరికి.

"తీసుకోను వదినా." పిలుపు తిరిగొచ్చింది, కానీ గొంతు గట్టిగానే ఉంది. "డబ్బు పోయిందని నాకు చెప్పి ఉంటే ఈ బెంచీ కింద కాపురం పెట్టమన్నా పెట్టేదాన్ని. నాకు చెప్పలేదు. నన్ను ఒక్క మాట అడక్కుండా నా బతుకు తనే తేల్చేశాడు. చూపున్నవాళ్ళు రోజూ మాకు చేసేది అదే. ఆయన కూడా అదే చేస్తే నేనెవరికి చెప్పుకోను?"

"నేనిప్పుడే పోయి వాణ్ణి..."

"అడక్కండి. మీరు బాధపడకూడదని ఆయన ఇంత మోస్తున్నాడు. నాకు కోపం ఉంది, కానీ మీ మీద ఆయన ప్రేమ అబద్ధం కాదు. మీకు తెలిసిపోయిందంటే ఆయన దగ్గర ఇంకేం మిగలదు. అది కూడా లాక్కోకండి."

అక్క షాపుకు వెళ్ళి సాయంత్రం దాకా పని చేసింది. ఎవరో ముసలాయన భార్య ఫోటో లామినేషనుకు తెచ్చాడు. ఆమె చెయ్యి మిషను దాకా వెళ్ళి ఆగిపోయింది. ఓనరును చెయ్యమని చెప్పి, కాగితాల కట్టలు విప్పుతూ వెనకవైపు కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ వంటింటి బల్ల దగ్గర భోజనం చేశారు. టీచరు ఎక్కిన బండి అప్పటికి బయల్దేరి రెండు గంటలైంది. ఆ సంగతి తమ్ముడికి తెలుసో లేదో అక్క అడగలేదు. అతను మాత్రం బస్టాండులో జరిగిన కథలు చెప్పి బావను నవ్విస్తూనే ఉన్నాడు. మూడో నంబరులో ఆగాల్సిన బస్సు ఏడులో ఆగితే, జనమంతా తనను వెతుక్కుంటూ మైకు గదికి వచ్చారట. తీరా చూసి, గుడ్డివాడు చెబితే విని పరిగెత్తాం అని వాళ్ళే సిగ్గుపడి వెళ్ళిపోయారట. అక్క ఎదుటి కుర్చీలో కూర్చుని, ముద్ద దిగక నీళ్ళు తాగుతోంది.

బావ చేతులు కడుక్కొచ్చి హుషారుగా కుర్చీ లాక్కున్నాడు.

"హలోగారూ, ఇన్నాళ్ళకి తెలిసింది నన్ను కుక్కరు పట్టించి ఎందుకు తరిమారో. మీ సూపర్‌వైజరు కనబడి ఆ మిషను సంగతి చెప్పాడులే. ఆ ఇరవై నాలుగు మాటలేవో నాకూ ఒకసారి చదివి వినిపించు. నేను ఇంగ్లీషు విని గుర్తుపెట్టుకునే రకమా? ఊరికే, నువ్వు చేత్తో చదువుతుంటే చూడాలని."

అక్క కంచాలు తీయబోయింది. "ఇప్పుడెందుకండీ, తినగానే..."

"తేవే, నీ పనితనం కూడా చూస్తాను."

"తే అక్కా," అన్నాడు తమ్ముడు మామూలుగా.

ఆమె బీరువా దాకా వెళ్ళింది. అట్ట చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది, ఒక్క చుక్క జాడా లేదు. పారెయ్యాలనిపించింది, విరిచెయ్యాలనిపించింది, వెళ్ళి వాడి కాళ్ళ మీద పడాలనిపించింది. బావ మళ్ళీ కేక వేశాడు. తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది.

తమ్ముడు అట్టను సర్దుకున్నాడు. ఎడమచేత్తో అంచు పట్టుకుని, కుడిచేతి చూపుడువేలిని పై మూలలో ఆనించాడు. వేలు జరుగుతుంటే ఏవో మాటలకు అక్షరాలు చెప్పాడు. తడుముకోలేదు. ఒక మాట అయ్యాక చిన్నగా ఆగి, వేలు కాస్త జరిపి రెండోది మొదలుపెట్టాడు. వరుస అయిపోయినప్పుడు కింది వరుసకు సరిగ్గా దిగాడు. బావ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"అబ్బ, ఏం చదువుతున్నాడే! అవేనా? ఆ రోజు నువ్వు చెప్పినవి అవేనా?"

"అవే," అంది అక్క.

ఒక్క మాటే అంది. పంతొమ్మిదేళ్ళు అవతలివాళ్ళ మొహం చూడకుండా, ఒక్క హలోలోనే ఎవరింట్లో ఎవరు పోయారో పసిగట్టిన మనిషి, ఆ మాట వినగానే తల ఎత్తి అక్కవైపు తిప్పాడు. వేలు అట్ట మీద ఉన్నచోటే ఆగింది.

"ఏమైంది, మర్చిపోయావా?" అన్నాడు బావ.

"లేదు బావా. ఇక్కడ కాస్త నిదానంగా చదవాలి."

తల దించుకుని ఏడో మాట చదివాడు. ఎనిమిదోది చదివాడు. గొంతు రానురాను చిన్నదైంది, కానీ ఎక్కడా ఆగలేదు. అక్క ఎదుటి కుర్చీలో కూర్చుని, బల్ల అంచు పట్టుకుని, ఆ నున్నటి అట్ట మీద జరుగుతున్న వేలినే చూస్తూ ఉంది. ఇరవై నాలుగూ అయ్యేదాకా లేవలేదు.